వేటకుక్కకు బుట్ట చిక్కం: రెండేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తా. కుక్క మూతికి తొడిగే ఈ తీగల బుట్ట చిక్కం కొన్నంత మాత్రాన మీ కుక్క కోపం తగ్గదు. కాటు మాత్రం ఆగుతుంది. ఆ తేడా తెలిసి కొనేవాళ్లకు ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువే. తొడగ్గానే కుక్క సాధువైపోతుందని ఆశపడేవాళ్లు నెల తిరక్కుండానే అటక మీద పడేస్తారు.

మాది అనంతపురం. మావాడు ముధోళ్ జాతి మగకుక్క, పేరు భీముడు. పేరుకే భీముడు, నడుము చూస్తే పిడికెడు. బళ్లారిలో ఉండే మా బావ బాగల్‌కోట్ జిల్లా ముధోళ్ నుంచి పిల్లగా ఉన్నప్పుడు తెచ్చిచ్చాడు. ముధోళ్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడేలు పెంచి పోషించిన జాతి ఇది. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. వాసన పట్టుకుని వెళ్లే రకం కాదు, కంటితో చూసి తరిమే రకం. గ్రౌండు అవతలి గోడ దగ్గర ఏదో కదిలితే నాకంటే ముందు వీడికి తెలిసిపోతుంది. మా గొడవల్లో సగం ఆ కళ్లతోనే మొదలయ్యాయి.

ఏడాదిన్నర వయసు దాకా వీధిలో కుక్కలన్నీ వీడికి చుట్టాలే. తర్వాత మెల్లగా మారాడు. మగకుక్క ఎదురైతే కాళ్లు బిగించి నిలబడేవాడు, తోక పైకి లేచేది, చెవులు ముందుకొచ్చేవి, నోరు మూతపడేది. ఆ నోరు మూతపడటాన్నే కనిపెట్టుకుని ఉండాలి. అప్పటిదాకా నాలుక వేలాడేసుకుని నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి నోరు మూసి, చూపు తిప్పకుండా నిలబడిందంటే మన దగ్గర రెండు మూడు క్షణాలే ఉన్నట్టు. కొన్నాళ్లకు గుర్రుమనడం మొదలైంది. ఆ తర్వాత ఎదురింటి లాబ్రడార్‌తో, చిన్నప్పటి నుంచి కలిసి ఆడుకున్నదానితోనే, పోట్లాట పడింది. దాని చెవికి కుట్లు వేయించాల్సి వచ్చింది. ఖర్చు మేమే పెట్టుకున్నాం. "కట్టేసుకోండక్కా" అని వాళ్లు మర్యాదగానే అన్నారు గానీ, ఆ తర్వాత రెండిళ్ల మధ్య మాటలు తగ్గాయి.

ఈ వయసులో ఇలా మారడం కొత్తేమీ కాదని పశువుల డాక్టరు గారు చెప్పారు. కుక్కపిల్ల పెద్దదయ్యాక, అంటే సుమారు ఒకటిన్నర, మూడేళ్ల మధ్య, అసలు స్వభావం బయటపడుతుందట. అయినా ముందు ఒళ్లంతా చూడాలన్నారు. చెవిపోటో, పంటినొప్పో, కీళ్లనొప్పో ఉన్నా కుక్క దగ్గరికి రానివ్వదు. మన దగ్గర టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, కూడా మామూలే కాబట్టి రక్తపరీక్ష చేయించారు. ఏమీ లేదు. తర్వాత పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించాం. ప్రతి స్తంభం దగ్గరా కాలెత్తడం తగ్గింది, మగకుక్కల మీద పంతం మాత్రం అంతగా తగ్గలేదు. ఆపరేషనే మందు అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి, ఎందుకంటే వేటకుక్కలు పెంచేవాళ్లు చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. పెద్ద మగకుక్కతో తగాదా ఒక రకం. అందులో చప్పుడుంటుంది: గుర్రు, పళ్లు చూపించడం, వెంట్రుకలు నిక్కడం. అవతలి కుక్క పక్కకు తప్పుకుంటే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. రెండోది వేట. తెల్లటి చిన్న పొమరేనియన్ ఒకటి రోడ్డుకు అడ్డంగా పరిగెత్తితే మావాడు కిక్కురుమనడు. మెడ కిందికి వంచి, ఒక్కసారిగా దూకుతాడు. అందులో కోపం లేదు, వాడి దృష్టిలో అది చెవులపిల్లి. మొదటి రకాన్ని దూరం పెట్టి, ఓపిగ్గా అలవాటు చేసి తగ్గించొచ్చు. రెండోదాన్ని నేర్పి మాన్పిస్తానంటే నేను నమ్మను, తాడు మీదే ఆధారపడాలి. చిక్కం రెంటికీ పనికొస్తుంది గానీ, ముధోళ్ లాంటి కుక్క ఆ వేగంతో చిక్కం సమేతంగా గుద్దినా చిన్న కుక్కకు దెబ్బ తగులుతుంది. అందుకే చిక్కం ఉంది కదా అని తాడు వదలకూడదు.

ఇక వస్తువు గురించి. ఆన్‌లైన్‌లో బాస్కెట్ మజిల్ అని వెతికితే బోలెడు కనిపిస్తాయి. నాది సన్నటి ఇనుప తీగ మీద నల్ల రబ్బరు పూత వేసినది, గ్రేహౌండ్ లాంటి సన్నమూతి కుక్కల కొలతకు చేసినది. వెయ్యి పైచిలుకు పడింది. ఇంకా చవకగా గుడ్డవి దొరుకుతాయి, మూతి చుట్టూ బిగించి కట్టేవి. వాటిని క్లినిక్‌లో సూది వేయించే నాలుగైదు నిమిషాలకే వాడాలి. కుక్క తన ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడం ద్వారానే పోగొట్టుకుంటుంది. నోరు తెరవనివ్వని గుడ్డ కట్టి మా ఊరి ఎండలో నడిపిస్తే వడదెబ్బను మనమే పిలిచినట్టు.

కొలత దగ్గర చాలా జాగ్రత్త కావాలి. లాబ్రడార్ సైజు బుట్ట వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. ముధోళ్ మూతికి పెడితే ముక్కు చివర తగులుతూ, పక్కలకు మాత్రం ఊగుతూ ఉంటుంది. కళ్లకు కాస్త కింద చుట్టుకొలత, అక్కడి నుంచి ముక్కు చివరి దాకా పొడవు, ఈ రెండూ కొలవాలి. ఆ తర్వాత మూతి లోతు, అంటే నోరు బాగా తెరిచినప్పుడు పైనుంచి కింది దాకా ఎంతో అది. ఇది చాలామంది కొలవరు. కుక్కను కాసేపు పరిగెత్తించి, రొప్పుతున్నప్పుడు పక్క నుంచి చూసి కొలిస్తే సరిగ్గా వస్తుంది. బుట్ట పెట్టాక నాలుక పూర్తిగా బయటికి రావాలి, నీళ్లు తాగగలగాలి. మావాడు లోతైన గిన్నెలో బుట్టతో సహా మూతి పెట్టి తాగేస్తాడు.

ఇంకో తలనొప్పి పట్టీలు. ఈ జాతికి మెడ కంటే తల సన్నం, మామూలు కాలర్ వెనక్కి లాగితే చెవుల మీదుగా జారిపోతుంది. మెడపట్టీ ఒక్కటే ఉన్న చిక్కాన్ని ముందుకాలితో నెట్టి క్షణంలో తీసేస్తాడు. నుదుటి మీదుగా వెళ్లే పట్టీ తప్పకుండా ఉండాలి. దానికి తోడు మార్టింగేల్ కాలర్ వాడుతున్నా. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకుని, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, గొంతు నొక్కదు. చిక్కాన్ని ఈ కాలర్‌కు చిన్న పట్టీతో కలిపాక ఒక్కసారి కూడా ఊడలేదు.

అలవాటు చేయడానికి వారాలు పట్టింది. మా జిల్లాలో వేరుశనగకు కరువేముంది. గింజలు వేయించి, ఉప్పూ చక్కెరా ఏమీ వేయకుండా మిక్సీలో ముద్దగా రుబ్బి, బుట్ట అడుగున లోపలి తీగలకు పూసేదాన్ని. మొదట్లో బుట్ట నా చేతిలోనే ఉండేది, వాడే మూతి పెట్టి నాకి తీసుకునేవాడు. పట్టీ జోలికి వెళ్లలేదు. మూతి పెట్టి ఉంచడం అలవాటయ్యాక పట్టీ ఒక క్షణం పెట్టి తీసేయడం, తర్వాత పెట్టి ఇంట్లో తిప్పడం. ఇప్పుడు బుట్ట గోడ మేకు నుంచి తీసిన చప్పుడు వింటే చాలు, గుమ్మం దగ్గరికి వచ్చి తనే మూతి పెడతాడు. ఈ పని తొందరపడి చేసిన మా తోడికోడలి ఇంట్లో కుక్క చిక్కం చూస్తేనే మంచం కిందికి దూరుతుంది.

మరి అసలు లాభమేమిటి? నాకు టెన్షన్ తగ్గింది, అదే పెద్ద లాభం. ఇంతకుముందు దూరంగా కుక్క కనిపిస్తే నా చేయి దానంతటదే తాడును చుట్టి బిగించేది. తాడు బిగియగానే వాడికి అర్థమయ్యేది, ఏదో ఉందని. చిక్కం ఉన్నాక తాడు వదులుగా పట్టుకోగలుగుతున్నా. ఆ వదులుతోనే మిగతా శిక్షణ సాధ్యమైంది. తెల్లవారుజామున వేరుశనగ పీకేసిన చేల వైపు వెళ్తాం. దూరంగా కుక్క కనబడగానే, వాడి నోరు మూతపడకముందే, బుట్ట సందులోంచి ఉడికించిన కోడి ముక్క. ఆ కుక్క కనిపిస్తున్నంతసేపూ ముక్కలు, కనుమరుగు కాగానే బంద్. ముక్క తీసుకోలేదంటే చాలా దగ్గరికి వచ్చేశామని అర్థం, మాట్లాడకుండా వెనక్కి తిరిగేస్తాం. మొదట్లో చేను అంత దూరం కావాల్సి వచ్చేది. ఇప్పుడు రోడ్డుకు అటూ ఇటూ నడిచి వెళ్లిపోగలుగుతున్నాం. స్నేహాలైతే లేవు. లాబ్రడార్‌తో మళ్లీ ఆడించే ఆలోచనా లేదు.

సలహాలకు కొదవ లేదు. కరెంటు కాలర్ పెట్టమని ఒకరు, ముళ్ల గొలుసు వేయమని ఒకరు. ఇంకో కుక్కను చూసిన ప్రతిసారీ మెడకు నొప్పి తగిలితే, ఆ నొప్పికి కారణం అవతలి కుక్కే అనుకోదా? గుర్రు ఆగినట్టు కనిపించి, హెచ్చరిక లేకుండా నేరుగా కరిచే కుక్క తయారవుతుంది. మా బావ సలహా ఇంకో మెట్టు పైన: "చెవులపిల్లుల వేటకు తీసుకుపో, వేడి తగ్గుతుంది." 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, జైలు కూడా పడొచ్చు అంటే నవ్వాడు. నేరం సంగతి అటుంచినా, తరిమే బుద్ధి తరమనిస్తే పెరుగుతుందే గానీ తగ్గదు.

జనం చూపు కూడా అలవాటు చేసుకోవాలి. "ఏమమ్మా, ఎద్దుకు కట్టినట్టు కుక్కకు చిక్కం కట్టినావే, అంత పిచ్చిదా?" అని పాలాయన అడిగాడు. పిల్లలు మాత్రం దూరంగా ఉంటున్నారు, అది మంచిదే. రోడ్డు మీద చెత్త తినడం కూడా ఆగింది.

అసలు లోపం వస్తువులోది కాదు, వీధిలోది. చిక్కం వేసిన కుక్క తిరిగి కరవలేదు. ఒకసారి సందు మలుపులో మూడు వీధికుక్కలు మీదపడ్డాయి, మావాడి తొడ చీరుకుపోయింది. ఈ జాతికి చర్మం మరీ పలచన. వీధికుక్కలకు ఆపరేషన్ చేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, ఆ సందులో ఆ కుక్కలు ఉంటాయనే లెక్కేసుకోవాలి. దారీ, వేళా మేమే మార్చుకున్నాం, చేతిలో గొడుగు ఉంటుంది. ఠక్కున తెరిస్తే చాలావరకు ఆగిపోతాయి. రేబిస్ టీకా తేదీ మాత్రం మర్చిపోకూడదు.

వస్తువు లోపాలకొస్తే, ఏడాది తిరిగేసరికి ముక్కు దగ్గర రబ్బరు పూత లేచింది, లోపల తీగ తుప్పు పట్టింది. ముక్కు దూలం మీద వెంట్రుకలు రాలి ఎర్రబడితే, అక్కడ మెత్తటి ఫెల్టు ముక్క చుట్టి కుట్టాను, తగ్గింది. ఎండలో బైకు మీద వదిలేస్తే తీగ చురుక్కుమంటుంది. రోజూ కడగాలి, లేకపోతే కోడి వాసనకు చీమలు పడతాయి.

ఐదుకు నాలుగిస్తా. ఇంట్లో ఒక్కటే వదిలేసి వెళ్లేటప్పుడు పెట్టాలనుకునేవాళ్లు, రెండు కుక్కలను ఒకే గదిలో ఉంచడానికి కొనేవాళ్లు వద్దు, దానికి తలుపు గడియ చాలు. దానితోపాటు వచ్చిన నైలాన్ పట్టీలు త్వరగానే పీచులు లేస్తాయి. అందుకని మొత్తం మళ్లీ కొనకండి. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన తోలు పట్టీ, ఇత్తడి బకిల్ వేసి ఇచ్చాడు, అవి ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.