12 డాలర్ల చిత్రిక, ఎనిమిదేళ్ల తర్వాత

మా బేస్‌మెంట్ గోడకు ఏడు రంపాలు వేలాడుతున్నాయి. వాడేవి రెండే. చెక్కను నున్నగా చేసే చిత్రికలు ఎన్నున్నాయో ఇక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది కాబట్టి రాయను. వాటిలోనూ దాదాపు ప్రతిసారీ చేయి వెళ్లేది ఒక్కదాని మీదికే: స్టాన్లీ కంపెనీ నం. 5, 14 అంగుళాల జాక్ ప్లేన్. ఒక ఎస్టేట్ సేల్‌లో 12 డాలర్లకు కొన్నాను, ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను. పాత చేతి పనిముట్ల కోసం వారాంతాల్లో అమెరికా ఇళ్ల చుట్టూ తిరగడం గిట్టుబాటేనా అని మిత్రులు అడుగుతుంటారు. గిట్టుబాటే. లెక్క మాత్రం వాళ్లనుకున్నట్టు ఉండదు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. చిత్రికను మా వైపు రంద అంటాం, ఇక్కడ ప్లేన్ అంటారు. ఇప్పుడుంటున్నది పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో, ఫిలడెల్ఫియాకు ఉత్తరాన. ఇల్లు కొన్న కొత్తలో పుస్తకాల అలమర చేద్దామని ఒక పెద్ద స్టోర్‌కు పోయి, చవకలో దొరికిన కొత్త ప్లేన్ తెచ్చాను. అది చెక్కను పిల్లి గీరినట్టు గీరింది. నా తంటాలు చూసిన పక్కింటి పెద్దాయన నవ్వి, "శనివారం పొద్దున ఏడింటికి తయారుగా ఉండు" అన్నాడు. అలా అంటుకుంది ఈ పిచ్చి.

గరాజ్ సేల్ అంటే ఇంటివాళ్లే డ్రైవ్‌వేలో బల్లలు వేసుకుని అమ్మేది. పిల్లల సైకిళ్లు, క్రిస్మస్ సామాను మధ్యలో ఒక మంచి సుత్తి కనబడితే గొప్ప. బేరమాడొచ్చు. ఎస్టేట్ సేల్ వేరు. ఇంటి పెద్ద పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో, ఇంట్లో ఉన్నదంతా అమ్మకానికి పెడతారు. ఎక్కువగా ఒక కంపెనీ నడుపుతుంది. వస్తువుకో చీటీ, గుమ్మం దగ్గర వరుస నంబర్లు. మొదటి రోజు చీటీ మీద ఉన్నదే ధర, చివరి రోజుకు చాలాచోట్ల సగమవుతుంది. తలుపు తీయగానే జనం నగల వైపో, వంటింటి వైపో పోతారు. నేను బేస్‌మెంట్ మెట్లెక్కడున్నాయా అని వెతుకుతాను. నాతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే పనిలో ఉంటారు. కొని అమ్ముకునేవాళ్లు, చేతిలో టార్చిలైటుతో వస్తారు. వాళ్ల వెనక దిగితే మనకు మిగిలేది తుప్పు మేకుల డబ్బా.

నం. 5 దొరికిన రోజు వాళ్లకంటే నేనే ముందున్నాను. పనిబల్ల కింద, కాఫీ డబ్బాల వెనక, గోధుమరంగు ఇటుకలా పడి ఉంది. బ్లేడు తీసి లోపలికి టార్చి వేస్తే, ఫ్రాగ్ వెనక మూడు పేటెంట్ తేదీలు కనిపించాయి. ఫ్రాగ్ అంటే బ్లేడు ఆనుకునే ఏటవాలు దిమ్మ. మూడింటిలో రెండు 1902వి, ఒకటి 1910ది. ఈ మూడు తేదీలుంటే సుమారుగా 1910, 1918 మధ్య చేసిందని లెక్క. ముందు పిడి పొట్టిగా ఉండటం కూడా ఆ కాలపు గుర్తే. తర్వాత వచ్చినవాటికి పొడుగు పిడి ఉంటుంది. లియొనార్డ్ బెయిలీ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిని స్టాన్లీ వాళ్లు 1869లో కొనుక్కున్నారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఇనుప ప్లేన్లలో చాలావాటిది ఇదే నమూనా.

తుప్పు చూసి భయపడనక్కరలేదు. పైపొర తుప్పు ఒక సాయంత్రం పని. చూడాల్సింది వేరే ఉంది: బ్లేడు బయటికొచ్చే సందు దగ్గర పోత ఇనుములో వెంట్రుక మందాన చీలిక ఉందేమో. నా రెండో కొనుగోలు అలాంటిదే. ముద్దొచ్చే చిన్న ప్లేన్, 8 డాలర్లు. ఇంటికి తెచ్చి తోమాక చీలిక బయటపడింది. ఎవరో ఎప్పుడో సిమెంటు నేల మీద పడేసి ఉంటారు. అది ఇప్పుడు మా ఇంట్లో కాగితాల మీద బరువు.

శుభ్రం చేసే పద్ధతుల మీద నేను చేయని ప్రయోగం లేదు. చిన్న విడిభాగాలకు రాత్రంతా వెనిగర్ చాలు. బాగా పట్టేసినవాటికి కరెంటుతో తుప్పు వదిలించడమే: ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, వాషింగ్ సోడా, పాత కారు బ్యాటరీ చార్జర్. పనిముట్టుకు నెగెటివ్, పక్కన పెట్టే పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్. ఆ ముక్క స్టెయిన్‌లెస్ మాత్రం కాకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ బుడగలొస్తాయి కాబట్టి ఆరుబయటే చేయాలి. లోతు సర్దే ఇత్తడి చక్రానికి మాత్రం ఇవేవీ పెట్టలేదు. చింతపండు, ఉప్పు వేసి, పూజ సామాను తోమినట్టు తోమాను. పక్కింటాయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి ఏ కెమికల్ వాడావని అడిగాడు. పులుసులో వేసుకునేదని చెబితే నమ్మలేదు.

అసలు శ్రమ బ్లేడుది. వాలు 25 డిగ్రీలకు సాన పట్టడం తేలికే. వెనక వైపు అద్దంలా సమం చేయడమే ప్రాణం తీస్తుంది. అంచు దగ్గర తుప్పు తిన్న గుంటలుంటే అక్కడి దాకా ఇనుము అరగదీయాలి, లేకపోతే ప్రతి గుంటా అంచులో ఒక పంటిగాటు అవుతుంది. మందపాటి గాజు మీద నీటి సాండ్‌పేపర్ అతికించి, రెండు ఆదివారాలు రుద్దాను. వేలి కొసలు నల్లబడి సోమవారం ఆఫీసు మీటింగులో చేతులు బల్ల కిందే పెట్టుకున్నాను. ఆ తర్వాత మేపుల్ చెక్క మీద మొదటిసారి తోస్తే, ఉల్లిపొర లాంటి పొట్టు ఒకటే రిబ్బన్‌లా పైకి లేచింది. దాన్ని పడేయలేక ఒక పుస్తకంలో పెట్టాను.

ఎనిమిదేళ్లలో ఈ ప్లేన్‌తో నాకున్న ఫిర్యాదులు రెండు. ఒకటి, మరలు. వెనక పిడిని పట్టే మర అంగుళానికి 20 చుట్ల 12 నంబరుది. మామూలు హార్డ్‌వేర్ షాపులో అది దొరకదు. ఒకటి పోతే, ఆ మర కోసం 5 డాలర్లు పెట్టి విరిగిన ప్లేన్ ఇంకోటి కొన్నాను. ఇంట్లో చిత్రికలు పెరిగిపోవడానికి సగం కారణం ఇదే. రెండోది, ఇత్తడి చక్రం తిప్పేటప్పుడు ఉండే వదులు. దిశ మార్చినప్పుడల్లా అర చుట్టు ఊరికే తిరుగుతుంది. మొదట్లో చికాకు వేసేది. ఇప్పుడు వేలు దానంతటదే ఆ అర చుట్టు కలుపుకుంటోంది.

రంపాల విషయంలో మేం అదృష్టవంతులం, ఎందుకంటే రంపాలు చేసే డిస్టన్ వాళ్ల ఫ్యాక్టరీ ఫిలడెల్ఫియాలోనే ఉండేది. ఇక్కడ ఏ పాత బేస్‌మెంట్‌కు పోయినా వాళ్ల డి-8 రంపం ఒకటి ఉంటుంది. నాది 6 డాలర్లు. పిడి మీద ఇత్తడి బిళ్ల, దాని పక్కన పాత యజమాని పోగరతో కొట్టుకున్న రెండు పొడి అక్షరాలు. ఇప్పుడొచ్చే రంపాల ప్లాస్టిక్ పిడి పావుగంటలో అరచేతిని నలిపేస్తుంది. ఇది మూడు వేళ్లు లోపల పెట్టి, చూపుడు వేలు బయటికి చాచి పట్టుకునేలా చెక్కిన పిడి. గంట కోసినా చేయి నొప్పి ఉండదు. పళ్లు నేనే మూడు మూలల ఆకురాయితో రాస్తాను. ఆ కీచు శబ్దం వస్తే ఇంట్లో అందరూ పై అంతస్తుకు పోతారు. నాకు మాత్రం, రంపాన్ని పాదాల మధ్య బిగించి చెట్టు కింద కూర్చునే మా ఊరి వడ్రంగి తాత గుర్తొస్తాడు.

మోజుకు మాత్రం డబ్బు పోస్తే నష్టమే. బ్లేడు మీద గుండె బొమ్మలో కంపెనీ గుర్తున్న స్టాన్లీలకు సేకరించేవాళ్లలో గిరాకీ ఎక్కువ. అది 1920ల నాటి ముద్ర, హార్ట్ అనే ఇంటిపేరున్న కంపెనీ అధ్యక్షుడి గౌరవార్థం వేసింది. నేనూ ఒకటి 45 డాలర్లకు కొన్నాను. తెగడంలో నా 12 డాలర్లదానికీ దానికీ తేడా నాకైతే తెలియలేదు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదని మా కౌంటీలోనే ఆధారముంది. డాయిల్స్‌టౌన్‌లో హెన్రీ మెర్సర్ అనే ఆయన 1897లో పాత పొయ్యి సామాను కోసం, పల్లె వేలంపాటల్లో చిల్లర సరుకు కొనే ఒకాయన దగ్గరికి వెళ్లి, అక్కడ గుట్టగా పడి ఉన్న పనిముట్లు చూసి సేకరణ మొదలుపెట్టాడట. చివరికి వాటికోసం కాంక్రీటుతో కోటంత మ్యూజియమే కట్టించాడు, 1916లో పూర్తయింది. లోపల పడవలు, బండ్లు కూడా కప్పు నుంచి వేలాడుతుంటాయి. మా ఆవిడను అక్కడికి తీసుకెళ్లడం నేను చేసిన తెలివైన పని. నా ఏడు రంపాలు అప్పటి నుంచి తక్కువగా కనిపిస్తున్నాయి.

బేరం గురించి ఒక్క మాట. ఒకసారి గరాజ్ సేల్‌లో ఒక పెద్దావిడ దగ్గర ఉలుల కట్ట ఉంది, 20 డాలర్లు. జగిత్యాల అంగడి అలవాటు కొద్దీ పదికిస్తారా అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, "ఆయన వీటిని ప్రతి శనివారం నూరేవాడు. నువ్వు వాడతావా?" అని అడిగింది. వాడతానన్నాను. పదికే ఇచ్చేసింది. కారు దాకా వచ్చి, సిగ్గేసి, వెనక్కిపోయి మిగతా పదీ ఇచ్చాను. అప్పటి నుంచి, ఇంటివాళ్లే అమ్ముతుంటే నేను బేరమాడను.

వచ్చే నెలలోపు బల్ల చేయాలి అనుకునేవాళ్లు ఈ దారిన రావద్దు. మూడు వందల డాలర్లకు పైగా పెడితే పెట్టెలోంచి తీయగానే సమంగా ఉండే కొత్త ప్లేన్ వస్తుంది, అది కొనుక్కోండి. నా 12 డాలర్లదానికి సాండ్‌పేపర్, నూనె, సాన రాయి కలిపి ఇంకో యాభై అయింది, రెండు ఆదివారాలు వేరే.

మొన్న ఇండియా వెళ్లినప్పుడు, బాగుచేసి ఉంచిన ఇంకో నం. 5ని చెకిన్ బ్యాగులో పెట్టి ఆ వడ్రంగి తాతకోసం తీసుకెళ్లాను. రెండు కిలోలకు తక్కువుండదు. ఆయన అటూ ఇటూ తిప్పి, అడుగు వైపు బొటనవేలితో నిమిరి, టేకు ముక్క మీద రెండుసార్లు తోసి చూశాడు. పొట్టు బాగానే లేచింది. "మంచిగనే ఉంది గని బిడ్డా, నిలబడి చేసేటోనికి ఇది. కింద కూసొని తోసుడంటే రెక్కలు పోతయ్" అని తిరిగి ఇచ్చేశాడు. తన చెక్క రందనే మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. పచ్చళ్లకని ఖాళీ ఉంచుకున్న చోటులోనే ఆ నం. 5ని మళ్లీ మోసుకొచ్చాను. దానితో పాటు కాగితంలో చుట్టి తీసుకెళ్లిన అరంగుళం ఉలిని మాత్రం ఆయన తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు.