సైకియాట్రిస్ట్ పేరు చెప్పి మందులిచ్చే వెల్‌నెస్ సెంటర్లతో జాగ్రత్త (హైదరాబాద్)

హైదరాబాద్‌లో సైకియాట్రిస్ట్ కోసం వెతుకుతున్నవాళ్లు, ఇంట్లోవాళ్లను చూపించాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి. మందుల చీటీ మీద సంతకం పెట్టే డాక్టరు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తారా, చూడరా? దీనికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. మా తమ్ముడి విషయంలో ఏం జరిగిందో వాడి అనుమతితోనే రాస్తున్నాను. రాయమని పట్టుబట్టింది కూడా వాడే.

వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ప్రాజెక్టు మారిన దగ్గర్నుంచి నిద్ర కరువైంది, తిండి తగ్గింది, ఆఫీసుకు బయల్దేరాలంటే గుండె దడ. "ఎవరికైనా చూపించుకుంటాను అక్కా" అని తనంతట తానే అన్నాడు. మన ఇళ్లల్లో ఆ మాట పైకి రావడమే పెద్ద విషయం. పేరున్న ఆసుపత్రులకు ఫోన్ చేస్తే రెండు మూడు వారాల దాకా అపాయింట్‌మెంట్ లేదన్నారు. ఫోన్‌లో వెతికితే అన్నిటికన్నా పైన ఒక వెల్‌నెస్ సెంటర్ ప్రకటన కనిపించింది. అనుభవజ్ఞులైన సైకియాట్రిస్టులు, ఈరోజే అపాయింట్‌మెంట్, ఆసుపత్రి వాతావరణం ఉండదు అని రాసుంది. ఫారం నింపిన కాసేపటికే వాళ్లే ఫోన్ చేశారు. మాట్లాడినామె ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. "మీరేం టెన్షన్ పడకండి, సార్ చూసుకుంటారు" అంది. నిద్రలేక నలిగిపోతున్న మనిషికి ఆ ఒక్క మాటే కొండంత ధైర్యం.

ఆ సార్ తెల్లకోటు వేసుకుని కూర్చున్నారు. తలుపు మీద పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. తమ్ముడి బాధ గురించి అడిగింది కొంచెం, ప్యాకేజీ గురించి చెప్పింది ఎక్కువ. 12 సెషన్లకు 36 వేలు, ఈరోజే కడితే ఆరు వేలు తగ్గింపు, మందులు కూడా అందులోనే. గదిలోంచి బయటికి వెళ్లి ప్రింటు తీసిన కాగితం ఒకటి పట్టుకొచ్చారు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పైన సెంటర్ పేరు, రంగుల బొమ్మ. కింద స్కాన్ చేసి అతికించిన సంతకం, దాని కింద మేమెప్పుడూ చూడని ఒక లేడీ డాక్టర్ పేరు. రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. మందుల పేర్లు లేవు. మాత్ర ఒకటి పొద్దున, మాత్ర రెండు రాత్రి, అంతే. కౌంటర్‌లో చిన్న కాగితం కవర్లో మాత్రలు పెట్టి ఇచ్చారు. షీటును ఒక్కో మాత్రకూ విడివిడిగా కత్తిరించారు, అదీ పేరు మధ్యలోంచి పోయేలాగా. ఇవేం మందులండీ అని అడిగితే "బయట దొరకవు, మేమే తెప్పిస్తాం" అన్నారు.

డాక్టర్లు ఇచ్చే ప్రతి చీటీ మీదా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. బయట దొరకని రహస్య మందులు సైకియాట్రీలో లేవు. ఎర్రగడ్డలో రాసినా, కార్పొరేట్ ఆసుపత్రిలో రాసినా మెడికల్ షాపులో దొరికేవే రాస్తారు. పేరు చెప్పకుండా మందు ఇస్తున్నారంటే, మీరు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లే దారి మూసేస్తున్నారని అర్థం.

కొన్ని వారాలకు తమ్ముడిలో మార్పు వచ్చింది. మొదట్లో మేమంతా సంతోషించాం. దడ తగ్గింది, నవ్వుతున్నాడు, కబుర్లు చెబుతున్నాడు. తర్వాత తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేసి, ఉద్యోగం మానేసి కంపెనీ పెడతానని గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. క్రెడిట్ కార్డు మీద ఖరీదైన ఫోన్లు రెండు కొన్నాడు. నిద్ర లేదు, అయినా అలసట లేదు. పొరపాటున అడ్డం చెబితే కోపం. సెంటర్‌కు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "కాన్ఫిడెన్స్ పెరిగిందండీ, మందు పనిచేస్తోంది" అన్నారు. అదే ఊపులో తర్వాతి ప్యాకేజీ గురించి మొదలుపెట్టారు. సంతకం పెట్టిన డాక్టరమ్మతో మాట్లాడించమంటే ఒకసారి కాన్ఫరెన్స్, ఒకసారి సెలవు, ఒకసారి ఆవిడ ఫోన్‌లో మాట్లాడరు.

ఖమ్మంలో అమ్మ దగ్గరికి తీసుకెళ్లిన రాత్రి పరిస్థితి చేయి దాటింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: ఏం మందులు వాడుతున్నాడు? అమ్మ కవరు తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఆయన ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చి చదవడానికి ప్రయత్నించారు. ఒకదాని మీద సగం తెగిన అక్షరాలు, ఇంకోదాని వెనక బ్యాచ్ నంబర్. మొదటిది డిప్రెషన్ మందు కావచ్చు, రెండోది నిద్రమాత్ర కావచ్చు అన్నారు. ఏ మందు ఇవ్వాలన్నా లోపల ఏముందో తెలియాలి కదమ్మా అన్నారు. అమ్మ ముఖం చూడలేకపోయాను.

అక్కడి నుంచి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఎర్రగడ్డ అనే మాటను తిట్టుగా వాడతాం మనం, ఆ గేటు దగ్గర తెలిసినవాళ్లు చూస్తారేమోనని భయపడతాం. ఇలాంటి సెంటర్లు బతుకుతున్నదే ఆ భయం మీద. ఓపీలో జనం ఎక్కువే, కూర్చోవాల్సిందే, నిజం. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి కాబట్టి ముందు పీజీ డాక్టర్ కూర్చుని వివరాలన్నీ రాసుకుంటారు, తర్వాత పెద్ద డాక్టర్ చూస్తారు. ఆ పీజీ అమ్మాయి తమ్ముణ్ని అడిగింది, అమ్మను విడిగా అడిగింది, నన్నూ అడిగింది. ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకపోయినా హుషారుగా, మామూలు కన్నా ఎక్కువ మాట్లాడుతూ, ఎక్కువ ఖర్చు పెడుతూ ఉన్న రోజులున్నాయా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో అలాంటి వారం ఒకటి ఉందని అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. మా మేనమామ సంగతీ బయటికి వచ్చింది.

బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు హద్దుమీరిన హుషారు వచ్చే జబ్బు. బైపోలార్ ఉన్నవాళ్లు కూడా చాలాసార్లు మొదట డిప్రెషన్‌తోనే డాక్టర్ దగ్గరికి వస్తారు. వాళ్లకు మూడ్‌ను నిలకడగా ఉంచే మందు లేకుండా డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే, కొందరిలో అది మానియా వైపు, అంటే ఆ హద్దుమీరిన హుషారు వైపు నెట్టేస్తుంది. అందుకే చదువుకున్న సైకియాట్రిస్ట్ ఎవరైనా ఆ పాత హుషారు రోజుల గురించి తవ్వి తవ్వి అడుగుతారు. సెంటర్‌లో ఒక్కరు కూడా అడగలేదు. ఇప్పుడు వాడు మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం మీద ఉన్నాడు. అది మొదలుపెట్టేముందు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. రక్తంలో లిథియం ఎంతుందో మధ్యమధ్యలో చూడాలని, వాంతులు విరేచనాలు అయితే, చేతులు బాగా వణికితే వెంటనే రావాలని చీటీ మీదే రాసిచ్చారు. మందు పేరు, మోతాదు, డాక్టర్ పేరు, అన్నీ ఉన్నాయి.

సంతకం ఉన్న ఆ డాక్టర్ పేరును తర్వాత నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో వెతికాను. పేరుంది, వేరే రాష్ట్రం, ఎంబీబీఎస్. సైకియాట్రీలో పీజీ ఉన్నట్టు కనిపించలేదు. తెల్లకోటు సార్ పేరు అసలే లేదు. ఈ వెతుకులాట ఉచితం, ఎవరైనా ఫోన్‌లోనే చేసుకోవచ్చు, అందుకే ముందే చేయండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టర్. ఫోన్ ఎత్తినవాళ్లను డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ఏ రాష్ట్ర కౌన్సిల్ అని అడగండి. నిజమైన డాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఇందుకు నొచ్చుకోరు, గడగడా చెప్పేస్తారు.

సైకాలజిస్టులను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. తమ్ముడు ఇప్పుడు ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు, ఆవిడ వల్ల వాడికి చాలా మేలు జరుగుతోంది. క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఆవిడకు ఉంది, గోడ మీద సర్టిఫికెట్ పెట్టుకున్నారు. మందుల మాట వస్తే "అది మీ డాక్టర్‌గారిని అడగండి" అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ చెప్పేదీ అదే, తమ వృత్తికి అనుమతి లేని మందును, వైద్యాన్ని ఎవరూ సిఫార్సు చేయకూడదని. కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని డాక్టర్ అని బోర్డు పెట్టి మాత్రలు చేతిలో పెట్టేవాళ్ల గురించే నా గొడవంతా.

ఆన్‌లైన్‌లో చూపించుకునేవాళ్లకు కూడా ఒక మాట. వీడియోలో డాక్టర్‌ను చూడటం తప్పు కాదు, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దాన్ని అనుమతించాయి. కానీ గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ అనే జాబితాలోని మందులను, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందులను ఆన్‌లైన్‌లో రాయకూడదని ఆ మార్గదర్శకాలే చెప్పాయి. చాట్‌లో నాలుగు ప్రశ్నలడిగి గట్టి నిద్రమాత్రలు ఇంటికి పంపిస్తామనే వాళ్లను దగ్గరికి రానీయకండి.

డబ్బు విషయం. ప్యాకేజీ కట్టాక వెనక్కి ఇవ్వం అని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉందట. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేశాం, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. సెంటర్‌వాళ్లను రికార్డులు అడిగితే మొదట ఇచ్చేది లేదన్నారు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలనే నిబంధనను, రికార్డులు చూసుకునే హక్కు పేషెంటుకు ఉందనే 2017 చట్టాన్ని రాసి మెయిల్ పెట్టాక మందుల పేర్లు పంపారు. రాత్రి మాత్ర ఆల్ప్రజోలం, ఆందోళన తగ్గించి మత్తు తెప్పించే, అలవాటు పడిపోయే మందు. ఫోన్‌లో అరిస్తే కాని పని రాతలో అయింది, కాబట్టి ఏదడిగినా మెయిల్‌లోనే అడగండి. ఫిర్యాదులు నడుస్తున్నాయి కాబట్టి సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు, విడిగా అడిగినా చెప్పలేను.

ఇది చదివి, మీ ఇంట్లోనూ అలాంటి కవరే ఉందని గుర్తొచ్చినవాళ్లు కంగారుపడి మాత్రలు పారేయకండి, ఒక్కసారిగా ఆపేయకండి. ఆల్ప్రజోలం లాంటివి కొన్నాళ్లు వాడి హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. తమ్ముడికి ఎర్రగడ్డ డాక్టర్లు దాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. మిగిలిన మాత్రలు, కవరు, చీటీ, రసీదు అన్నీ ఒక సంచిలో వేసుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. గాంధీలోనూ, ఉస్మానియాలోనూ ఉంది. విశాఖ వైపు వాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. వెళ్లేలోపు ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, మనిషి అదుపులో లేకపోయినా ఓపీ టైమ్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, ఆ సంచీ వెంట తీసుకెళ్లండి.