పొద్దున జిరాఫీలు, మధ్యాహ్నం పగడాలు: కొరోన్ నుంచి ఒక రోజు

ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ అనగానే మనవాళ్లు అక్కడి పేరున్న పర్యాటక ఊరు ఎల్ నిడో గురించే అడుగుతారు. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్న మా చిన్నాన్న కూతురు మాత్రం పట్టుబట్టి మమ్మల్ని కొరోన్‌కి తీసుకెళ్లింది. అక్కడ చేసిన టూర్లన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆఫ్రికా జంతువులుండే కలావిట్ దీవి టూరే. పొద్దున సఫారీ, మధ్యాహ్నం నుంచి దీవులు, చీకటి పడేసరికి మళ్లీ ఊళ్లో ఉంటాం.

రూమ్ బుక్ చేసేవాళ్లు ఒకటి గమనించండి. కొరోన్ ఊరు ఉన్నది కొరోన్ దీవిలో కాదు, దాని ఎదురుగా ఉన్న బుసువాంగా దీవిలో. ఊళ్లో ఈతకొట్టే బీచ్ లేదు. అయినా రేవుకి దగ్గరగా ఉన్న మామూలు గెస్ట్‌హౌస్ తీసుకోవడమే మేలు. ఈ టూర్‌కి తెల్లవారకముందే బయల్దేరాలి మరి.

కలావిట్ బుసువాంగాకి వాయవ్యపు కొసన ఉంటుంది. మొత్తం దూరం పడవలోనే వెళ్లే టూర్లు కూడా ఉన్నాయి కానీ సగం రోజు నీళ్లమీదే గడిచిపోతుంది. మేం వ్యాన్‌లో వెళ్లాం. రెండు గంటలు దాటిన ప్రయాణం, కొన్నిచోట్ల రోడ్డు బాగా కుదిపేస్తుంది. మకలాచావ్ రేవు నుంచి కలావిట్‌కి పడవలో కాసేపే. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఈ దారే నయం.

ఆఫ్రికా జంతువులు ఇక్కడికెలా వచ్చాయన్నది తెలుసుకుని వెళ్తే చూసే చూపే మారుతుంది. 1976లో అప్పటి దేశాధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ ఈ దీవిని అభయారణ్యంగా ప్రకటించాడు. 1977లో కెన్యా నుంచి 104 జంతువులను ఓడలో దింపారు. వాటికి చోటు కోసం ఇక్కడున్న 254 కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్లలో తగ్బన్వా ఆదివాసీలున్నారు. చాలామందిని కులియోన్ దీవికి తరలించారు. 1986లో మార్కోస్ పాలన పోయాక వాళ్లు పోరాడి తిరిగొచ్చారు. కొందరు టూర్ గైడ్‌లు ఈ కథను ఒక్క వాక్యంలో దాటేస్తారు. మీరు అడిగి చెప్పించుకోండి.

వాటిలో ఇంపాలాల్లాంటి ఆఫ్రికా జింకలు ఇక్కడ మిగల్లేదు. ఇప్పుడున్నవి జిరాఫీలు, జీబ్రాలు. అవీ ఇక్కడే పుట్టిన తరాలవి. రేంజర్ ఇచ్చిన కొమ్మ పట్టుకుని నిలబడితే జిరాఫీ తల కిందికి దించి, నల్లటి పొడుగాటి నాలుకతో కొమ్మను చుట్టి, ఒక్క లాగుతో ఆకులన్నీ దూసేసింది. చేతిలో ఉత్త పుల్ల మిగిలింది. మా పిల్లలు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు.

కానీ మనసుపెట్టి చూడాల్సింది కలామియన్ జింకను. పొట్టి కాళ్లు, గోధుమరంగు ఒళ్లు. ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ జింకలు కలావిట్‌లో రక్షణ దొరికి పెరిగాయి. మేం చూసిన జింక గడ్డిలో మేస్తూ అలికిడికి తల ఎత్తి, మమ్మల్ని ఒక్క క్షణం చూసి, మెడ వంచి పొదల్లోకి దూరిపోయింది. జిరాఫీని ఇంకెక్కడైనా చూడొచ్చు, దీన్ని చూడటం అరుదు. బోనుల్లో పెట్టిన జంతువుల భాగం మాత్రం నాకు నచ్చలేదు.

తర్వాత బ్లాక్ ఐలాండ్. నిట్టనిలువు సున్నపురాతి కొండ, దాని కింద తెల్లటి ఇసుక, కొండలో చిన్న గుహలు. భోజనం అక్కడే. చివరగా లుసోంగ్ దీవి దగ్గర స్నార్కెలింగ్, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లమీద తేలుతూ లోపలికి చూడటం. 1944 సెప్టెంబర్ 24న అమెరికా విమానాలు ఈ ప్రాంతంలో జపాన్ ఓడల మీద దాడి చేశాయి. ఆనాటి యుద్ధపు పడవ ఒకటి ఇక్కడ లోతు తక్కువ నీళ్లలోనే ఉంది, డైవింగ్ రాకపోయినా పైనుంచి కనిపిస్తుంది. ఇనుము మీద పగడాలు పెరిగిపోయి, వాటి సందుల్లో చేపలు తిరుగుతుంటాయి. దయచేసి దానిమీద కాలు పెట్టకండి.

మేం ముందు మాట్లాడిన ఒక ఏజెంట్ నాలుగు దీవులు చూపిస్తానన్నాడు. సఫారీకి ఎంతసేపు అని గట్టిగా అడిగితే గంట లోపే అని తేలింది. అందుకే అతన్ని వద్దనుకున్నాం. దీవులు రెండే ఉన్నా, కలావిట్‌లో కనీసం రెండు గంటలు ఆపే టూర్ తీసుకోండి. దీవులు మాత్రమే కావాలంటే కొరోన్ ఊరినుంచి దగ్గరి టూర్లు బోలెడు, ఇంత దూరం రావక్కర్లేదు.

వెళ్లడానికి మార్చి నుంచి మే వరకు బాగుంటుంది. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే కోస్ట్‌గార్డ్ పడవలు ఆపేస్తుంది, కాబట్టి మర్నాడే ఫ్లైట్ పెట్టుకోవద్దు. భోజనంలో కాల్చిన చేప, పంది మాంసం, అన్నం, పండ్లు ఇస్తారు. శాకాహారులు ముందురోజే చెప్పి ఉంచాలి, చెప్పినా కూరగాయలు ఒక రకమే వస్తాయి. మేం పట్టుకెళ్లిన పులిహోర పడవలో ఉన్నవాళ్లంతా పంచుకుని తిన్నారు.