బొమ్మల మీటప్‌కి సిరిపురం మేడ గది: నా మార్కులు

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. అర మార్కు బాత్రూమ్ గొళ్ళెం కోసం కోశాను. పూర్తి మార్కు ఒకటి గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా మింగేసింది. విశాఖ సిరిపురంలో ఉన్న ఆ కాఫీ హోటల్ పేరు రాయడం లేదు. అక్కడ పనిచేసే పిల్లలు మంచివాళ్ళు. పైగా జరిగినదాంట్లో వాళ్ళ తప్పు సగమే, మిగతా సగం నాది.

మేం పన్నెండు మందిమి. నెలకో ఆదివారం మధ్యాహ్నం ఎవరి బొమ్మలు వాళ్ళు పట్టుకుని కలుస్తాం. "ఈ వయసులో బొమ్మలతో ఆడుకోవడానికేనా వదినా?" అని మా ఆడపడుచు అడుగుతుంది. అవును, ఆడుకోవడానికే. బట్టలు మార్చడం, జుట్టు దువ్వడం, ఫోటోలు తీసుకోవడం, పక్కవాళ్ళ బొమ్మని చేతిలోకి తీసుకుని బరువు చూడడం. ఇదివరకు ఎంవీపీ కాలనీలో ఒకావిడ ఇంట్లో కూర్చునేవాళ్ళం. వాళ్ళు ఇల్లు మారాక చోటు లేక, ఈ కాఫీ హోటల్ మేడ మీద గది పట్టాం. నాలుగు గంటలకి 1,800. తలకి 150 పడుతుంది. టీ, టిఫిన్ల బిల్లు వేరే.

గదిలోనే కుళాయి ఉంది. నవ్వకండి, గది వెతికేటప్పుడు నేను మొదట చూసేది అదే. కుర్చీలు గట్టిగా లేకపోయినా సర్దుకుంటాను. కుళాయి కింద అంతస్తులో ఉంటే మాత్రం, చేతులు కడుక్కోవడానికి ఒకసారి దిగి వెళ్ళినవాళ్ళు రెండోసారి వెళ్ళరు. మన విశాఖలో చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కదా. జగదాంబ దగ్గర ఆటో ఎక్కి సిరిపురంలో దిగేసరికి అరచేతుల్లో చెమట, దాని మీద సన్‌స్క్రీన్, ఫోన్ పట్టుకున్న జిడ్డు. అదే చేత్తో బొమ్మ బుగ్గ నిమిరితే ఏమవుతుందంటే, ఈ రెసిన్ (అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ లాంటిది) బొమ్మలకి ముఖం ఎక్కువగా చేత్తోనే వేస్తారు. పొడి రంగులు అద్ది, పైన మెరుపు లేని స్ప్రే కొడతారు. జిడ్డు వేలు తగిలినచోట ఆ పూత మెరుస్తుంది. ఒక బుగ్గ పౌడరు రాసినట్టు, ఇంకో బుగ్గ నూనె రాసినట్టు ఉంటుంది. మళ్ళీ సరిచేయాలంటే ముఖమంతా తుడిచేసి మొదటి నుంచి వేయాల్సిందే.

నేను కేజీహెచ్ ఆసుపత్రి దిగువన ఒక డెంటల్ ల్యాబ్‌లో పళ్ళ సెట్లు చేస్తాను. రెసిన్, అక్రిలిక్, స్పిరిట్, ఇవే నా రోజంతా. అందుకని మా గుంపులో శుభ్రం గురించి నా మాటే చెల్లుతుంది. చెల్లుతుందని అనుకునేదాన్ని.

గది సంగతి. టేబుళ్ళు రెండు. పెద్దదాని మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి ఉంచారు, ఫోటోలకి బాగుంటుందని. మంచి మనసుతోనే చేశారు గానీ, ముదురు రంగు గుడ్డ మీద వినైల్ బొమ్మని గంటల తరబడి పెట్టకూడదు. రంగు మెల్లగా బొమ్మ ఒంట్లోకి దిగుతుంది. దిగాక సబ్బుతో పోదు. మా నాన్న పాత పంచె, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన తెల్లది, దాని మీద పరిచాం. కిటికీ పడమటి వైపు. మూడు దాటాక ఎండ సరిగ్గా టేబుల్ మీదకి వస్తుంది. రెసిన్ ఎండకి పసుపెక్కుతుంది కాబట్టి తెర వేయమన్నాం. తెర ఉంది, ఒక కొక్కెం ఊడింది. ఏసీ బాగా పనిచేస్తుంది. దీనికి ఒక మార్కు ఎక్కువే ఇవ్వాలనిపించింది.

తినేవి చిన్న టేబుల్ మీదే, గోడ పక్కన. మొదటి నెల, టీ తెచ్చిన అబ్బాయి "ఇక్కడే పెట్టేస్తాను మేడమ్" అని పెద్ద టేబుల్ మీదకి వంగాడు. పన్నెండు మందిమీ ఒక్కసారి "వద్దు బాబూ" అన్నాం. వాడు బెదిరిపోయాడు. ఇప్పుడు వాడే కొత్తవాళ్ళకి చెప్తున్నాడు, "బజ్జీలు ఆ పక్కన తిని, చేతులు కడుక్కుని రావాలండి" అని. మిరపకాయ బజ్జీలు మాత్రం తప్పకుండా తినండి, వాము సరిగ్గా వేస్తారు. కాఫీ మామూలు.

ఇక మా లోపలి మర్యాదలు. కొత్తగా వచ్చేవాళ్ళు ఉంటారని రాస్తున్నాను.

అడగకుండా ముట్టుకోకూడదు. ఇది అందరికీ తెలుసు. తెలియనిది రెండో ప్రశ్న: "ఎక్కడ పట్టుకోమంటారు?" నా దగ్గర ఉన్నది బ్లైత్. 1972లో అమెరికాలో కెన్నర్ కంపెనీ తీసి ఒక్క ఏడాదికే ఆపేసిన బొమ్మ, 2001లో జపాన్ టకారా కంపెనీ మళ్ళీ తెచ్చింది. తల వెనక తాడు లాగితే కళ్ళు మూసుకుని, తెరిచేసరికి వేరే రంగులో ఉంటాయి. నాలుగు రంగులు. చూసినవాళ్ళందరికీ ఆ తాడు మీదే కన్ను. ఒకసారి లాగితే ముచ్చట. పన్నెండు మంది తలో నాలుగుసార్లు లాగితే అది బొమ్మా, గుడి గంటా? తల పెద్దది, నడుము పుల్ల. నడుము ఒక్కదాన్ని పట్టుకుంటే తల వెనక్కి వాలిపోతుంది.

రెసిన్ బొమ్మల సంగతి ఇంకా వేరు. జపాన్‌లో వోక్స్ సంస్థ 1999లో సూపర్ డాల్ఫీ అనే రెసిన్ బొమ్మని తెచ్చినప్పటి నుంచి పాకిన పిచ్చి ఇది. లోపల ఎలాస్టిక్ తాడు బిగించి ఉంటుంది. మోకాలు తప్పుగా తిప్పితే గుర్రంలా తంతుంది. అరవై సెంటీమీటర్ల బొమ్మ తన్నితే పక్కనున్న బొమ్మ కింద పడుతుంది, రెసిన్ వేళ్ళు విరుగుతాయి. జుట్టు విగ్గు కాబట్టి జుట్టు పట్టుకుని ఎత్తితే జుట్టే చేతికొస్తుంది. స్టాండ్ లేకపోతే పడుకోబెట్టండి. "నిలబడుతుందిలే" అన్నమాట ఎంతమంది నోట విన్నానో, ఎన్ని ముక్కులు చెక్కుకుపోగా చూశానో.

"ఎంత పెట్టి కొన్నారు?" అని అడగొద్దని నియమం పెట్టుకున్నాం. ఎవరూ పాటించరు. మనవాళ్ళు పెళ్ళికొచ్చి చీర ధర అడగకుండా వెళ్ళగలరా? "ఒరిజినలేనా?" అని మాత్రం నిజంగానే అడగొద్దు. రెసిన్ బొమ్మలకి దొంగ అచ్చులు వస్తుంటాయి, ఆ ఒక్క ప్రశ్నకి ఇద్దరు ఏడాది పాటు మాట్లాడుకోలేదు. చిన్నపిల్లలొస్తే వాళ్ళ కోసం పూర్ణా మార్కెట్‌లో కొన్న రబ్బరు బొమ్మ ఒకటి ఉంది. ఎంత నలిపినా పర్వాలేదు. పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది.

శ్రావణ మాసంలో ఒకావిడ చేతుల పసుపుతోనే వచ్చేసి, రెసిన్ పిల్ల చెంప మీద గోరంత పసుపు అంటించారు. పసుపు ఎండకి వెలుస్తుంది, కానీ ఎండ రెసిన్‌కి శత్రువు. ఏది చేసినా కష్టమే. ఇంకో నెల ఒకతను టేబుల్ దగ్గరే ఉప్పు కాగితంతో బొమ్మ భుజం మీది అతుకు గీత గీకడం మొదలెట్టాడు. రెసిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మా ల్యాబ్‌లో మాస్కూ నీళ్ళూ లేకుండా ఎవరూ ఆ పని చేయరు. కాగితం చేతిలోంచి లాక్కున్నాను. పెద్దవాడని కూడా చూడలేదు.

ఇప్పుడు సీసా సంగతి.

ఆ నెల నేను బ్లైత్‌తో పాటు మా అమ్మమ్మ రాణిని కూడా తీసుకెళ్ళాను. ఏటికొప్పాక లక్క బొమ్మ, రాజా రాణి జంటలో రాణి. రాజు ఏనాడో పోయాడు. సంక్రాంతికి అమ్మమ్మ కొలువు పెట్టేటప్పుడు పై మెట్టు మీద ఉండేది. పేరంటానికి వచ్చిన పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని చూడాల్సిందే. తాంబూలంతో పాటు శనగలు చేతిలో పెడితే ఇక ముట్టుకునే వీలు ఉండదని అమ్మమ్మ లెక్క. 2014 హుద్‌హుద్ తుఫానుకి మా ఇంటి కిటికీ అద్దాలన్నీ పోయాయి, అల్మారాలో నీళ్ళు నిలిచాయి, రాణికి ఏమీ కాలేదు. తుడిచి ఆరబెట్టుకున్నాం అంతే.

ఆ హోటల్లో మెట్లెక్కగానే ఒక కుర్రాడు నిలబడి ఒక్కొక్కరి అరచేతిలో శానిటైజర్ పిండుతాడు. కోవిడ్ నాటి అలవాటు. మా గుంపులోకి ఆ రోజే కొత్తగా వచ్చిన అమ్మాయి, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతోంది, పద్ధతి గల పిల్ల. రెండోసారి కూడా అడిగి పోయించుకుంది, అందరి బొమ్మలూ పట్టుకోవాలి కదా అని. లోపలికి వచ్చి "అక్కా, ముట్టుకోవచ్చా?" అంది. "చూడమ్మా" అన్నాను. చేతులు ఇంకా చల్లగా, తడిగా ఉన్నాయి. రాణి వీపు మీద బొటనవేలు ఆనించి పట్టుకుంది, పది సెకన్లో పదిహేనో. తిరిగి ఇచ్చేటప్పుడు కొంచెం అంటుకున్నట్టు వచ్చింది. చూస్తే ఎర్ర లక్క మీద బొటనవేలి ముద్ర, గీతలతో సహా, మెరుపు చచ్చిపోయి.

లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వడ్రంగులు స్పిరిట్ పాలిష్ వేసేది అలాగే కదా, లక్కని స్పిరిట్‌లో నానబెట్టి. శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే. ఇది నాకు తెలియని సంగతి కాదు. ల్యాబ్‌లో రోజూ స్పిరిట్ దీపం ముందే కూర్చుంటాను. ఆ కుర్రాడు నా చేతిలోనూ పోశాడు, నేనూ రుద్దుకున్నాను, ఒక్క ముక్క తోచలేదు. లక్కే కాదు, చేత్తో వేసిన ముఖాల రంగు కూడా ఆల్కహాల్‌కి లేస్తుంది. గోళ్ళ రంగు తీసే అసిటోన్ అయితే బ్లైత్ తల ప్లాస్టిక్‌నే తినేస్తుంది. ఆసుపత్రికి పనికొచ్చే శుభ్రం వేరు, బొమ్మకి పనికొచ్చే శుభ్రం వేరు. సబ్బు, నీళ్ళు, పూర్తిగా తడి ఆరడం. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టడం. అంతే.

ఆ పిల్ల ఏడ్చేసింది. "శుభ్రంగా ఉండాలనే కదక్కా" అంటుంది. ఏం చెప్తాం.

తర్వాతి వారం రాణిని ఏటికొప్పాక తీసుకెళ్ళాను. వరాహ నది ఒడ్డున ఊరు, ఒకప్పుడు మన జిల్లాలోదే, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన బొమ్మని వెలుతురుకి తిప్పి చూసి "స్పిరిట్ తగిలిందేటమ్మా?" అన్నారు, నేను చెప్పకముందే. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది, మొగలి ఆకు వేసి మెరుపు తెస్తారు. మళ్ళీ మెరుపు రావాలంటే మళ్ళీ తిప్పాలి. "సెయ్యొచ్చు గానీ మొకం పోద్దమ్మా. వొదిలెయ్" అన్నారు. వదిలేశాను. వీపు మీదే కాబట్టి గోడ వైపు తిప్పి పెడితే కనబడదు. వస్తూ వస్తూ ఒక కొత్త రాజుని కొన్నాను. రాణి కంటే రెండంగుళాలు పొడుగు, జోడీ కుదరలేదు.

హోటల్ మేనేజర్‌కి చెప్తే, వాదించకుండా విన్నాడు. మా ఆదివారం మటుకు సీసా మెట్ల దగ్గర నుంచి తీసేశారు. కుళాయి దగ్గర సబ్బు పెట్టారు, ఒక తువ్వాలు వేలాడదీశారు. పన్నెండు మందికి ఒకే తువ్వాలు, అరగంటలో తడి ముద్ద. ఎవరి నేప్‌కిన్ వాళ్ళు తెచ్చుకోండి. టిష్యూ కాగితాలు వద్దు, నలుసులు విగ్గుల్లో ఇరుక్కుంటాయి. గదులు తుడిచే అమ్మ ఒకావిడ వచ్చి, వరసగా పడుకోబెట్టిన బొమ్మల్ని చూసి "ఏటమ్మా, పిల్లలందరికీ జొరమొచ్చిందా?" అని అడిగి, మేం నవ్వేలోపే చీపురు బయట పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి మరీ చూసింది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి.

ఆ అమ్మాయి తర్వాతి నెల రాలేదు. నేనే ఫోన్ చేశాను. ఆ పై నెల తెల్ల కాటన్ గ్లవ్స్ వేసుకుని వచ్చింది, మ్యూజియంలో పనిచేసేదానిలా. పక్కావిడ రెసిన్ బొమ్మని ఎత్తబోయింది, గుడ్డ మీద పట్టు దొరక్క జారింది. పంచె మీద పడింది కాబట్టి సరిపోయింది. గ్లవ్స్ విప్పించి, కుళాయి దగ్గరికి పంపించి, నా నేప్‌కిన్ ఇచ్చాను.

గది కావాలంటే వారం ముందే ఫోన్ చేసి, శానిటైజర్ వద్దని, వెల్వెట్ గుడ్డ తీసేయమని చెప్పండి, వింటారు. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. బాత్రూమ్ గొళ్ళెం మూడు నెలలుగా ఊగుతూనే ఉంది. లోపల ఉన్నంతసేపూ పాట పాడుతూ ఉండాలి. అది బిగిస్తే ఆ అర మార్కు వెనక్కి ఇచ్చేస్తాను.