జెన్‌పోజైమ్: పేరుకుపోయిన స్ఫింగోమైలిన్‌ను విడగొట్టే ఎంజైమ్ మందుపై సమీక్ష

స్ఫింగోమైలిన్ అనే కొవ్వును విడగొట్టే ఆసిడ్ స్ఫింగోమైలినేజ్ ఎంజైమ్ లోపంతో పుట్టినవారికి 2022 వరకు వ్యాధి మూలం మీద పనిచేసే మందు ఒక్కటి కూడా లేదు. ఆ ఏడాది మార్చిలో జపాన్, జూన్‌లో యూరోపియన్ యూనియన్, ఆగస్టు 31న అమెరికా ఒలిప్యుడేజ్ ఆల్ఫా అనే ఎంజైమ్‌కు అనుమతినిచ్చాయి. సనోఫీ సంస్థ దీన్ని జెన్‌పోజైమ్ పేరుతో విక్రయిస్తోంది. ప్రచురితమైన ప్రయోగ ఫలితాలను, వాడక సూచనలను చదివిన మీదట, ఇది బాగా ఆలోచించి రూపొందించిన మందు అని, అయితే దాని హద్దును కుటుంబాలకు మొదటి రోజునే చెప్పి తీరాలని నా అభిప్రాయం.

స్ఫింగోమైలిన్ చెడ్డ పదార్థం కాదు. అది మన కణపొరల వెలుపలి వరసలో ఉండే ముఖ్యమైన కొవ్వు. నాడీ తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరలో మరింత సమృద్ధిగా ఉంటుంది. దాని తోకలు, అంటే పొడవాటి కొవ్వు గొలుసులు, సాధారణంగా నిటారుగా ఉండటం వల్ల కొలెస్ట్రాల్‌తో ఒత్తుగా అమరి, పొరలో కొంత గట్టిదనమున్న చిన్న చిన్న ప్రాంతాలను ఏర్పరుస్తుందని, బయటి సంకేతాలను అందుకునే గ్రాహకాలలో కొన్ని అక్కడే గుమిగూడతాయని జీవరసాయన శాస్త్రం చెబుతుంది. పొరలు పాతబడినప్పుడు ఈ కొవ్వు లైసోజోమ్‌లకు, అంటే పాత పదార్థాలను విడగొట్టే కణంలోని చిన్న సంచులకు, చేరుతుంది. అక్కడ ఆసిడ్ స్ఫింగోమైలినేజ్ దాన్ని సెరమైడ్, ఫాస్ఫోకోలిన్‌లుగా విడగొడుతుంది. ఈ ఎంజైమ్‌కు ఆధారమైన ఎస్ఎంపీడీ1 జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నవారిలో ఆ పని సాగదు. ప్లీహం, కాలేయం, ఊపిరితిత్తులు, ఎముక మజ్జలలోని కణాలు కొవ్వుతో ఉబ్బిపోతాయి; పొట్ట ముందుకు వస్తుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, నడిస్తే ఆయాసం వస్తుంది. నీమన్-పిక్ వ్యాధిలో ‘ఏ’, ‘బీ’ రకాలుగా పిలిచేది దీన్నే. సీ రకం వేరే జన్యువులకు సంబంధించినది కనుక ఈ మందు దానికి వర్తించదు. పేరు ఒకటే కావడంతో తికమక పడేవారు చాలామంది ఉంటారు కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను. ఎంజైమ్ లోపమే కారణమని అమెరికా పరిశోధకుడు రోస్కో బ్రేడీ బృందం 1966లోనే గుర్తించినా, మందు చేతికి రావడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

ఈ మందులో నాకు అన్నిటికన్నా నచ్చినది మోతాదును పెంచే పద్ధతి. ఏళ్ల తరబడి పేరుకున్న స్ఫింగోమైలిన్‌ను ఒక్కసారిగా విడగొడితే సెరమైడ్ వెల్లువలా విడుదలై తీవ్రమైన వాపు ప్రతిచర్యలకు దారితీస్తుంది. అందుకే పెద్దలకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాముతో, పిల్లలకు 0.03 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి మెట్టుమెట్టుగా పెంచుతూ 3 మిల్లీగ్రాములకు చేరుస్తారు. వరుసగా మూడు డోసులు తప్పిపోతే మళ్లీ తక్కువ మోతాదు నుంచి రావాలి. ఊరు దూరమైన కుటుంబాలు ఈ ఒక్క నియమాన్ని బట్టే ముందుగా ఆలోచించుకోవాలి.

మందు తెల్లని పొడిగా సీసాలో వస్తుంది, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. క్రిమిరహితం చేసిన నీటిని పొడి మీద నేరుగా కాకుండా సీసా లోపలి గోడ వెంబడి నెమ్మదిగా వదలాలి. ఎంజైమ్ ప్రోటీన్ కనుక కుదిపితే నురగ వచ్చి చెడిపోతుంది. తర్వాత సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కిస్తారు. పూర్తి మోతాదుకు మూడున్నర గంటలకు పైగా పడుతుంది. అరవై కిలోల మనిషికి ఒక విడతకు 180 మిల్లీగ్రాములు, అంటే 20 మిల్లీగ్రాముల సీసాలు తొమ్మిది. ప్రాణాపాయకరమైన అలర్జీ రావచ్చని అమెరికా లేబుల్‌పై పెట్టె కట్టి మరీ హెచ్చరించారు. మోతాదు పెంచే దశలో కాలేయ పరీక్షలు తప్పనిసరి. గర్భిణులకు కొత్తగా మొదలుపెట్టకూడదు.

ఫలితాల విషయానికి వస్తే, 36 మంది పెద్దలపై జరిగిన అసెండ్ ప్రయోగంలో 52 వారాలకు ప్లీహం పరిమాణం 39 శాతం తగ్గింది; ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఏమీ తగ్గలేదు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం మందు తీసుకున్నవారిలో 22 శాతం, మిగతావారిలో 3 శాతం మెరుగైంది. ఇంత చిన్న ప్రయోగంలో ఇంత స్పష్టమైన తేడా అరుదు. అయితే ప్లీహం వల్ల కలిగే బాధలను రోగులే స్వయంగా చెప్పిన కొలమానంలో రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు. అవయవం కుదించుకుపోవడం, మనిషికి హాయిగా అనిపించడం రెండూ ఒకే వేగంతో నడవవని దీన్నిబట్టి నేను అనుకుంటున్నాను. మొదటి ఏడాదిలోనే తేలికపడతామని ఆశించే రోగికి వైద్యులు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

మొదట్లో చెప్పిన హద్దు ఇదే: మందు మెదడులోకి చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధాన్ని ఈ పెద్ద అణువు దాటలేదు, కనుక అనుమతి కూడా నాడీ వ్యవస్థకు వెలుపలి లక్షణాలకే పరిమితం. పసితనంలోనే నరాలను దెబ్బతీసి, సాధారణంగా మూడేళ్ల లోపే ప్రాణం తీసే ‘ఏ’ రకం నీమన్-పిక్ విషయంలో ఇది జవాబు కాదు. కన్నవారికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో తెలిసినా, దీన్ని మెత్తబరచి చెప్పడం వాళ్లకు అన్యాయం చేయడమే అవుతుంది.

మేనరికాలు ఇంకా సాగుతున్న తెలుగు కుటుంబాలకు తల్లిదండ్రులిద్దరి నుంచీ దెబ్బతిన్న జన్యు ప్రతి అందితే వచ్చే ఇలాంటి వ్యాధులు దూరపు సంగతి కావు. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన, నిర్ధారణ సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. ఆ విధానంలో ఒక రోగికి గరిష్ఠంగా 50 లక్షల రూపాయల సాయం ఉంది; కానీ జీవితాంతం రెండు వారాలకొకసారి వాడాల్సిన, బరువు పెరిగేకొద్దీ సీసాలు పెరిగే మందుకు ఆ మొత్తం ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి కారణం తెలియకుండా పిల్లల ప్లీహం పెరిగి, ప్లేట్‌లెట్లు తగ్గుతూ ఉంటే, ఇలాగే కొవ్వు పేరుకుని ప్లీహం పెరిగే గాషర్ వ్యాధి పరీక్షతో పాటే ఆసిడ్ స్ఫింగోమైలినేజ్ పరీక్ష కూడా అదే రక్త నమూనాతో చేయించమని వైద్యుణ్ని అడగండి. నిర్ధారణ అయితే, మోతాదులు మొదలుపెట్టకముందే ఆ మందు ఎన్నాళ్లు ఆగకుండా అందుతుందో ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.