మోకాలికి సెన్సర్ ఫిజియో: నల్గొండల ఏం పనికొచ్చింది, ఏం రాలె

ఏసీఎల్ (మోకాలు లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) ఆపరేషన్ హైదరాబాద్‌ల చేయించుకున్న. ఫిజియో కోసం వారానికి మూడుసార్లు అంత దూరం తిరుగుడు నాతోని కాదు. నేను నకిరేకల్ దిక్కు సర్కారు బడిల పీఈటీని. పిల్లలకు కబడ్డీ నేర్పుడే కాదు, పండగ టోర్నమెంట్లల నేను కూడ రైడ్‌కు దిగుత. అందుకే నల్గొండల క్లాక్ టవర్‌కు నడిచేంత దూరంల ఉన్న ఒక సెంటర్‌ల చేరిన. బోర్డు మీద బయోఫీడ్‌బ్యాక్ అని పెద్దగ రాసుంటది, అంటే కండ ఎంత పనిచేస్తున్నదో సెన్సర్‌తోని మనకే చూపించుడు. సెంటర్ పేరు రాస్తలేను, రాస్తే యాడ్ అంటరు.

ముందుగాల రేటు చెప్త. ఉత్త సిట్టింగ్ 300, సెన్సర్ పెడితే 550. ఆ పైన 250 ఇయ్యాలెనా వద్దా అని చానమంది అడుగుతున్నరు. మొదటి రెండు నెలలు ఇయ్యుండ్రి. అటెన్క వద్దు.

ఎందుకంటే, ఆపరేషన్ అయినంక తొడ ముందటి కండ బిగించమంటే బిగవది. కండ తెగలేదు, దానికి దెబ్బ తగలలేదు. కీలుల వాపు ఉన్నన్ని రోజులు అక్కడి నరాలు వెన్నుపాముకు ఉల్టా కబురు పంపుతయంట, దాంతోని కండకు పోయే ఆర్డరే తగ్గిపోతది. మోకాలి చిప్ప పైన లోపలి దిక్కు కండ మరీ మొండికేస్తది. మనమేమో బిగించినమనే అనుకుంటం. అసలు బిగిసేది పిర్ర.

ఈ సంగతి సెన్సర్ పట్టిస్తది. ఆ కండ మీద రెండు జిగురు ప్యాడ్‌లు, ఎముక మీద ఒకటి అతికిస్తరు. కండ పనిచేసినప్పుడు పుట్టే కరెంటు మైక్రోవోల్టులల్ల ఉంటది, అంటే వోల్టుల పది లక్షలో వంతు లెక్క. మిషిన్ దాన్ని పెద్దగ చేసి తెర మీద గీత లెక్క చూపిస్తది. ముందు మంచి కాలుకు పెట్టిన్రు, గీత జప్పున లేచింది. ఆపరేషన్ కాలుకు పెడితే కింద కింద పాకింది. గప్పుడు నాకు మిషిన్ మీద గురి కుదిరింది.

ఫిజియో మేడం తెర మీద ఒక ఎర్ర గీత పెట్టి, "సార్, దీన్ని దాటియ్యాలె, ఐదు సెకండ్లు పట్టి ఉంచాలె" అంటది. దాటితే మిషిన్ కుయ్‌మంటది. మోకాలు కింద తువ్వాల చుట్ట పెట్టి, పాదం జరంత తిప్పి, మడమ లేపి, ఏ తీరుగ చేస్తే కండ పలుకుతదో మనమే దొరకబట్టుకోవాలె. అలవాటైనంక ఎర్ర గీత ఇంకా పైకి జరుపుతది.

కొన్ని వారాలకు తెరను తన దిక్కు తిప్పుకున్నది. "చూడకుండ బిగించి, ఎంతొచ్చిందో మీరే చెప్పండి సార్" అన్నది. 550 ఇచ్చినందుకు నాకు దక్కిన అసలు పని ఇదే. ఎప్పటికీ తెర చూసుకుంట చేస్తే తెర ముందట్నే వస్తది, కోర్టుల రాదు. మిషిన్ కొన్న సెంటర్లు మస్తున్నయి. తెర ఎప్పుడు తిప్పాలెనో తెలిసిన మనిషి ఉన్నదా లేదా, అది చూసుకోండి.

మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే ఫ్లోరోసిస్ పెద్దమనుషులు ఆ ప్యాడ్‌లు చూసి బుగులుపడ్తరు. "షాక్ పెడ్తవా బిడ్డా" అని ఒక తాత అడిగితే, "ఇది కరెంటు ఇచ్చేది కాదు తాతా, నీ కండ మాట వినేది" అన్నది మేడం. కరెంటు ఇచ్చే మిషిన్ వేరే ఉంటది. ప్యాడ్‌లు రెండిటివీ ఒక్క తీరుగ ఉండుట్ల అందరికీ పరేషాన్.

ఇగ లోపాలు. ఏసీ లేదు. మే నెల నల్గొండ ఎండల తొడకు చెమట పట్టి ప్యాడ్ ఊడొస్తది. వెంట్రుకలు గీకి, స్పిరిట్‌తోని తుడిచి మళ్ళ పెట్టేసరికి సిట్టింగ్ సగమైతది. మేడం లేని రోజు అసిస్టెంట్ పిల్లగాడు ప్యాడ్‌లు రెండు వేళ్ళ మందం పక్కకు పెట్టిండు, గీత అమాంతం పెరిగింది. రాత్రికి రాత్రి కండ ఏం పెరగలె. అందుకే నిన్నటి నంబర్, ఇయ్యాల నంబర్ ఫోటో తీసి పోల్చుకోవద్దు. అదే సిట్టింగ్‌ల మంచి కాలుతోని పోల్చాలె.

మోకాలు ఎంత వంగిందో చెప్పే సెన్సర్ వేరే ఉన్నది. తొడకొకటి, పిక్కకొకటి పట్టీ కడ్తరు. లోపల ఉండేటివి మన ఫోన్‌ల కదలిక, తిరుగుడు పసిగట్టే యాక్సిలరోమీటర్, జైరోస్కోపే. తెర మీద బొమ్మ కాలు వంగుతుంటే ముచ్చటగనే ఉంటది, కాని పట్టీ జారితే కోణం తప్పు చూపిస్తది. ప్లాస్టిక్ గోనియోమీటర్ (కోణం కొలిచే స్కేలు) పెట్టి కొలిచినా ఆ పనైతది. దీనికి పైసలు దండుగ.

బడి పిల్లలు ప్రో కబడ్డీ చూసి గుండె వేగం చూపే వాచ్‌లు, ఎంత ఉరికినమో లెక్కచెప్పే జీపీఎస్ బనియన్‌లు అడుగుతున్నరు. జీపీఎస్‌కు ఆకాశం కనిపించాలె. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌ల ఉరుకుడుకు సరే, రేకుల షెడ్డుల మ్యాట్ మీద అది పనిచెయ్యది. వాచ్ పచ్చ లైటు కొట్టి రక్తం పారుడు చూస్తది, చెయ్యి గుంజులాటల లెక్క తప్పుతది. ఛాతీకి కట్టే పట్టీ గుండె కరెంటునే చదువుతది, ఉరికేటోళ్ళకు అది మేలు. కబడ్డీల మాత్రం రెండూ తీసి పక్కకు పెట్టాల్సిందే.

సంక్రాంతి టోర్నీకి దిగుత అంటే మేడం గీతను నమ్మలె. ఒంటికాలి గెంతు, తొడ బలం రెండో కాలుతోని చూస్తే 90 శాతం రావాలె, తొమ్మిది నెలలు నిండాలె అన్నది. 2016ల వచ్చిన డెలవేర్-ఓస్లో పరిశోధన సంగతి చెప్పింది. తొమ్మిది నెలల దాక ఆగిన ఒక్కో నెలకు మళ్ళ దెబ్బ తగిలే ప్రమాదం 51 శాతం తగ్గిందంట. మా టీమోళ్ళకు కోపమొచ్చింది. నేను బయట కూసోని స్కోర్ రాసిన.

సెంటర్ రెండో అంతస్తుల ఉన్నది, లిఫ్టు లేదు. కర్రలు పట్టుకొని ఎక్కుడు నరకం. మోకాలి సెంటర్‌కు మెట్లేందో మరి! పొద్దుగాల ఎండ ముదరకముందే పోండి, నిక్కరు తీస్కపోండి. ఆడపిల్లలకు పరదా వేరే ఉన్నది, ప్యాడ్‌లు మేడమే పెడ్తది. మా బడిల ఖో-ఖో ఆడే పిల్లకు మోకాలు మెలిపడితే వాళ్ళమ్మను తోడిచ్చి అక్కడికే పంపిన.