మనాలీ–లేహ్‌కి అద్దె సైకిల్: గేర్లు భేష్, బ్రేకులతోనే టెన్షన్

మనాలీ నుంచి లేహ్‌కి తొక్కుకుంటూ వెళ్దామని అక్కడే ఒక షాపులో పది రోజులకు సైకిల్ అద్దెకు తీసుకున్నా. గేర్లు మాత్రం భలే మెత్తగా పడేవి. సర్చూ దాటాక గాటా లూప్స్ అనే ఘాట్ రోడ్డులోని 21 మలుపులూ దిగి నెట్టకుండానే ఎక్కేశా. మా ఊరి ఫ్లైఓవర్‌కే ఆయాసపడే మనిషిని!

అసలు కష్టం దిగేటప్పుడు మొదలైంది. 5,300 మీటర్ల ఎత్తు దాటిన తంగ్‌లాంగ్ లా అనే కనుమ నుంచి రుమ్‌త్సే వైపు దిగుతుంటే వెనక బ్రేక్ కీచుమంది. ఆపి చూస్తే ప్యాడ్ మొత్తం అరిగిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. కిట్‌లో రెండు ట్యూబులు, పంపు పెట్టారు గానీ ప్యాడ్లు పెట్టలేదు. ముందు బ్రేక్‌తోనే ఆగి ఆగి దిగా, చేతివేళ్లు కొయ్యబారిపోయాయి.

లేహ్ చేరి ఫోన్ చేస్తే అద్దెలో మూడొందలు తగ్గించారు. మీరు తీసుకుంటే ఒక జత ప్యాడ్లు అడిగి సంచిలో వేసుకోండి.